నాయిన వాయించిన ఏనుగు

మొన్న సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడివాళ్లు నన్ను పిలిచారు. మా మరిది మనవరాలు అక్కడ చిన్నపిల్లలకు పాటలు నేర్పుతుంది. "నానమ్మా, బతుకంతా సంగీతం టీచరుగ చేసినవు గద, ఒక్కసారి వచ్చి మా పిల్లల్ని చూసి పో" అని కారు పంపింది. వెళ్లాను. ఒకటో తరగతి పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి ముందు నాలుగు అట్టముక్కలు. ఒకదాని మీద నవ్వే ముఖం, ఒకదాని మీద ఏడ్చే ముఖం, తక్కినవి కోపం, భయం. మనవరాలు ఫోనులో ఒక బాణీ పెట్టింది. పిల్లలందరూ ఒక్కసారే ఏడ్చే ముఖం ఎత్తారు. ఇంకోటి పెట్టింది. అందరూ నవ్వే ముఖం ఎత్తారు. ఒక్కరూ తప్పలేదు. నేను చప్పట్లు కొట్టాను, శాలువా కప్పించుకున్నాను, మైకు ముందు రెండు మంచి మాటలు చెప్పాను. కారెక్కిన దగ్గర్నుంచీ మాత్రం ఒకటే చిరాకు. ఏడుపంటే ఒకటే ఏడుపా? ఆకలేసిన ఏడుపు వేరు, అలిగిన ఏడుపు వేరు, ఎవరైనా చూస్తున్నారా అని వేళ్ల సందుల్లోంచి చూస్తూ ఏడ్చే ఏడుపు వేరు. అందరికీ కలిపి ఒక అట్టముక్కేనా? పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. దానికి ఎవరు నేర్పారో వాళ్లు అట్లాగే నేర్పి ఉంటారు.  నా చిరాకు ఆ బడి మీద కాదని నాకు తెలుసు. అది చాలా పాతది. అదే సూర్యాపేటలో, మా నాయిన హార్మోనియం పెట్టె దగ్గర మొదలైంది.

మా నాయిన పంతులు. ఇంటి అరుగు మీదే చిన్నపిల్లలకు తెలుగు చదువు చెప్పేవాడు. నైజాం సర్కారు బడిలో చదువంతా ఉర్దూలో ఉండేది. ఇంట్లో మాట్లాడే మాటలో నాలుగక్షరాలు రావాలనుకున్నవాళ్లు పిల్లల్ని మా అరుగు మీదికి తోలేవారు. సాలెవాళ్ల పిల్లలు, కూలివాళ్ల పిల్లలు, ఊరిబయటి లంబాడీ తండా నుంచి వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు. మాది క్రిస్టియన్ కుటుంబం. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది నాయినే. ఆ హార్మోనియం ఒక నాటకాల కంపెనీ చెదిరిపోయినప్పుడు ఆయన చేతికొచ్చింది. మెట్లలో కొన్ని పసుపుపచ్చగా మారి ముసలివాడి పళ్లలా ఉండేవి. మూత తీస్తే పాత తోలు వాసన, దాని వెనకే కర్పూరం వాసన. పురుగు పట్టకుండా అమ్మ లోపల కర్పూరం బిళ్ల పెట్టేది. పొద్దున్నే నాయిన పెట్టెను బయటికి తెచ్చి, పంచె కొంగుతో మెట్లు తుడిచి, గాలి తిత్తిని రెండుసార్లు ఊరికే ఊపి, దానికి చెవి ఆనించి వినేవాడు. తిత్తిలో ఎక్కడో ఒకచోట కిర్రుమనేది. ఆముదం రాసేవాడు, కానుగ నూనె రాసేవాడు, మైనం పెట్టేవాడు. ఒక పూట ఊరుకుని మళ్లీ కిర్రుమనేది. "గీ కిర్రు నా పానం తీస్తుంది" అనేవాడు. మా నాయినమ్మ గోడ పక్కన కూర్చుని జొన్నలు చెరుగుతూ, "పెట్టెకు రాసే నూనె పిల్లల తలకు రాస్తే పేలన్న సస్తుండె" అనేది.

అక్షరాలు, ఎక్కాలు అయ్యాక, ఎండ అరుగు అంచుకు వచ్చే వేళకు ఆట మొదలయ్యేది. దానికి 'ఎవరొస్తుండ్రు' అని మేమే పేరు పెట్టుకున్నాం. నాయిన మాటలేవీ లేకుండా ఒక బాణీ వాయించేవాడు. వాయించి ఆపి, "ఎవరొస్తుండ్రు?" అనేవాడు. మేము చెప్పాలి. కుండ ఎత్తుకున్న ముసలమ్మా, పాలు దొంగిలించిన పిల్లా, బడి ఎగ్గొట్టిన పోరడా? ఎవరో తేలాక అసలు ప్రశ్న వచ్చేది. "ఎట్లొస్తుంది? మనసుల ఏమున్నది?" అదే జోలపాట ఒకసారి వాయించి, మళ్లీ వాయించి, "ఏం మారింది?" అని అడిగేవాడు. మాకు రెండూ ఒకటేలాగే వినిపించేవి. "రాగం అదే. అమ్మ మారింది. మొదటి అమ్మ పొద్దటి సంది ఇంట్లనే ఉన్నది. రెండో అమ్మ నాటుకు పోయి ఇప్పుడే వచ్చింది. నడుము నొస్తుంది. అయినా జోల పాడుతుంది. ఇనుండ్రి" అని మళ్లీ వాయించేవాడు. తండా పిల్లలకు తెలుగు సగమే వచ్చు. కానీ ఈ ఆటలో వాళ్లే ముందుండేవారు. మాట చాలనప్పుడు లేచి నడిచి చూపించేవారు. తక్కినవాళ్లం ఆయన ప్రాణం తోడేసేవాళ్లం. ఏది వాయించినా "పిల్లి!" అనేవాడొకడు. ఏది వాయించినా "మా తాత" అనేవాడు ఇంకొకడు. నాయిన నుదురు కొట్టుకునేవాడు. "మీ తాతకు కాళ్లెన్నిరా? గిప్పుడు వచ్చినదానికి నాలుగు కాళ్లున్నయి, ఇనబడలేదా?" అని అరిచేవాడు. కోపంతో పెట్టె మూసేసేవాడు, కాసేపటికి మళ్లీ తెరిచేవాడు. అందరిలోకీ పెద్దదాన్ని నేను, అందరిలోకీ మొద్దుదాన్నీ నేనే. నేను చెవితో వినేదాన్ని కాదు, ఆయన ముఖం చూసి చెప్పేదాన్ని. ముసలమ్మను వాయించేటప్పుడు ఆయన పెదవి వంకర పోయేది. ఆ సంగతి కనిపెట్టి నాయిన మాకు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. దాంతో నా బండారం బయటపడింది. "నీకు చెవులు లేవు బిడ్డా, కండ్లే ఉన్నయి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నిజం కాబట్టి.

చెవులున్నది మా చెల్లెలు చిట్టి. అప్పటికి ఐదేళ్లుంటాయేమో. అరుగు చివర స్తంభాన్ని కావిలించుకుని వినేది. అరిచేది కాదు, ఎగిరేది కాదు. అందరూ పిల్లులూ తాతలూ అయిపోయాక నాయిన "చిట్టీ?" అనేవాడు. అది మెల్లగా చెప్పేది. ఒకసారి అమ్మకూ నాయినకూ ఏదో మాటా మాటా వచ్చింది. అమ్మది కోదాడ వైపు. ఆమె మాట కొంచెం ఆంధ్రా యాసలో ఉండేది, నాయినను "ఏమండీ" అని పిలిచేది. దానికి మా వాడకట్టులో ఆడవాళ్లు నవ్వేవారు. ఆ రోజు అమ్మ "ఏమండీ" అనడం మానేసి పళ్లెం టక్కున పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నాయిన పెట్టె ముందు కూర్చుని ఆరాధనలో పాడే పాట ఏదో వాయించుకుంటున్నాడు. చిట్టి స్తంభం దగ్గర్నుంచి, "నాయిన అమ్మ మీద అలిగిండు. కానీ అమ్మ పిలిస్తే పోతడు" అంది. లోపల్నుంచి అమ్మ నవ్వు వినిపించింది. "ఆకలి లేదన్నారుగా, రండి, చల్లారిపోతోంది" అని పిలిచింది. నాయిన నిజంగానే లేచి వెళ్లాడు. ఆ రోజు ఆయన ముఖంలో కనిపించిన గర్వం నేను ఎన్ని ఎక్కాలు అప్పజెప్పినా ఎన్నడూ కనిపించలేదు. నాకు కడుపుమంటగానే ఉండేది. అయినా చిట్టిని చూస్తే ముచ్చటేసేది.

రోజులు మంచివి కావు. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. రైతుల కొట్లాట నడుస్తున్న తుంగతుర్తి వైపు నుంచి వచ్చినవాళ్లు ఏదో చెప్పబోయి మమ్మల్ని చూసి ఆగిపోయేవారు. మా పోలీసు ఠాణాకు కొత్తగా ఒక అమీన్, అంటే ఇప్పటి ఎస్సై లాంటివాడు, వచ్చాడు. భారీ మనిషి. ఎర్రటి కొత్త బూట్లు. వీధిలో నడిస్తే కుడి బూటు కిర్రు, కిర్రు అనేది. ఆ కిర్రు వినిపిస్తే ఆడవాళ్లు తలుపు దగ్గరగా వేసేవారు. పిల్లలకు ఇవేమీ పట్టవు. ఒక మధ్యాహ్నం నాయిన మాకు వీపు పెట్టి కొత్త బాణీ మొదలుపెట్టాడు. కింది మెట్ల మీద బరువుగా, ఒక్కో అడుగూ ఆగి ఆగి. ఏనుగును వాయిస్తున్నానని ఆయన అనుకుంటున్నాడు. ఆయన వాయించింది ఏనుగునే. కానీ ప్రతి అడుగుకూ తిత్తి కిర్రుమంది. అడుగు, కిర్రు. అడుగు, కిర్రు. ఇక పిల్లల్ని ఎవరాపగలరు? "అమీన్ సాబ్! అమీన్ సాబొస్తుండు!" అని అరుగంతా ఒకటే గోల. ఒకడు లేచి పొట్ట ముందుకు పెట్టి, కాలు ఈడ్చి, నోటితో కిర్రు కిర్రు అంటూ నడిచాడు. నాయిన తిరిగి చూసేసరికి ఆయన ముఖంలో నెత్తురు లేదు. "ఏనుగురా! ఏనుగును వాయించిన! నోరు ముయ్యిండ్రి!" అన్నాడు. ఎవరు వింటారు? వీధిలో ఒక ఠాణా జవాను చుట్ట కాల్చుకుంటూ నిలబడి ఉన్నాడు. మా వైపు ఒకసారి చూసి, చుట్ట పారేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆ జవానే వచ్చాడు. "పంతులూ, అమీన్ సాబ్ నిన్ను రమ్మన్నడు. పెట్టె పట్కొని రావాలె. ఒక పిల్లను గూడ తోల్కరమ్మన్నడు. చిన్నపిల్లను. పెద్దదైతే నేర్పితే నేర్చుకొని వస్తదట" అన్నాడు. ఇంకొకరి బిడ్డను నాయిన ఎట్లా తీసుకుపోతాడు? అమ్మ చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసి జడ వేసింది. వేస్తూ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"చిట్టీ, నాన్న ఏం వాయించినా ఏనుగు అను. సరేనా?"

"ఏనుగు కాకపోతే?"

"కాకపోయినా ఏనుగే."

"గట్లెట్లంటనే? నాయిన కొడ్తడు."

"కొట్టరమ్మా. ఇవాళ ఏనుగంటేనే నాన్నకి మంచిది."

నాయిన పెట్టెను భుజానికెత్తుకున్నాడు. నేను చిట్టి చెయ్యి పట్టుకుని వెనకాల నడిచాను. నన్ను రమ్మని ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. అమీన్ వరండాలో కుర్చీలో కూర్చుని తమలపాకు నములుతున్నాడు. అత్తరు వాసనా, బూటు పాలిష్ వాసనా కలిసి గొంతులోకి వచ్చాయి. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో.

"క్యా పంతులు, నా నడక మీద పాట కట్టినవట?"

"లేదు సాబ్. ఏనుగు సాబ్. పిల్లలకు ఏనుగు నడక నేర్పుతున్న."

"అయితే నేను ఏనుగునా?"

"అయ్యో, గట్లనలేదు సాబ్."

"మరి పిల్లలు నా పేరెందుకు తీసిండ్రు?"

ఇక్కడే నాయిన చిక్కుకుపోయాడు. నాకప్పుడు అర్థం కాలేదు గానీ, తర్వాత ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తలచుకున్నానో. తిత్తి కిర్రుమంటుంది సాబ్, అందుకే పిల్లలు పొరపడ్డరు అని చెబితే నిజం. కానీ ఆ నిజం చెబితే, మీ బూటు కిర్రును చూసి పిల్లలు నవ్వుతారని చెప్పినట్టే. నాయిన చివరికి "చిన్నపిల్లలు సాబ్" అన్నాడు.

"వాయించు. నేను గూడ ఇంట" అన్నాడు అమీన్.

నాయిన బండల మీద కూర్చుని మూత తీశాడు. తిత్తి కిర్రుమనకుండా ఉండాలని మెల్లగా, ఇంకా మెల్లగా ఊపుతున్నాడు. గాలి చాలక స్వరం మధ్యలోనే చచ్చిపోతోంది. అడుగు పడబోయి ఆగిపోతోంది. అది ఏనుగు కాదు. ఏ జంతువూ కాదు. అమీన్ చిట్టిని దగ్గరికి రమ్మని, వంగి, చాలా మెత్తగా అడిగాడు. "ఎవరొస్తుండ్రు బిడ్డా?"

చిట్టి అరుగు మీద విన్నట్టే విన్నది. తల కొంచెం వంచి, కళ్లు కిందికి దించి. అమ్మ చెప్పింది దానికి గుర్తుందో లేదో. పాట ఏమంటోందని నాయిన అడిగితే నిజం చెప్పాలి. అదొక్కటే దానికి నేర్పిన చదువు.

"ఎవరూ వస్తలేరు. నాయిన భయపడుతుండు" అంది.

తిత్తి ఆగిపోయింది.  అమీన్ నవ్వాడు. కడుపునిండా, కుర్చీ కదిలేలా నవ్వాడు. "షాబాష్! పంతులూ, నీ బిడ్డ అబద్ధమాడదు. మంచిగ నేర్పినవు. ఇగ ఏనుగులు గీనుగులు బందు పెట్టు. గిదే వాయించు, నాకు నచ్చింది" అన్నాడు. పొమ్మన్నాడు. పెట్టె గుంజుకోలేదు, దెబ్బ కొట్టలేదు. ఇంటికొచ్చాక అమ్మ ఏం జరిగిందని అడిగితే నాయిన "ఏం గాలె" అన్నాడు. నిజానికి ఒంటి మీద ఏ గాయమూ లేదు. చూపించడానికి ఏమీ లేనిదాన్ని గురించి ఎవరికి మొరపెట్టుకోవాలి?

మళ్లీ పిలుపు వచ్చింది, మళ్లీ ముగ్గురం వెళ్లాం. ఈసారి అమీన్ ఇంటికి ఎవరో పెద్దమనుషులు వచ్చారట. చాయ్ కప్పులు గలగలమంటున్నాయి. "ఈ పిల్ల పాట ఇని మనసుల మాట చెప్తది, సూడుండ్రి తమాషా" అని వాళ్లకు చెప్పాడు. నాయిన కూర్చున్నాడు. అదే బాణీ ఎత్తుకున్నాడు. చెవులు లేని నేను కూడా ఆ రోజు విన్నాను. తిత్తిని పట్టి నొక్కుతున్నాడు. కిర్రును దాచడం లేదు. కింది మెట్ల మీద ఒక్కో అడుగూ నేల పగిలేలా పడుతోంది. భయం లేదు. అది కోపం. వరండా నిండా కోపం. పెద్దమనుషులు చాయ్ తాగుతూనే ఉన్నారు, వాళ్లకేమీ వినపడలేదు. చిట్టి తలెత్తి నాయిన వీపు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. దానికి అర్థమైందని నాకు తెలిసిపోయింది. దాని నోట్లోంచి ఏ మాట వస్తుందో కూడా తెలుసు. ఆ మాట వస్తే నాయిన ఇంటికి రాడు. 

"చెప్పు బిడ్డా" అన్నాడు అమీన్.

"ఏనుగు" అంది చిట్టి.

"ఏం ఏనుగు? సరిగ్గ ఇను. మీ నాయిన ఏమైతుండు?"

"ఏనుగే సాబ్." కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. గొంతులో మాత్రం ఏ వణుకూ లేదు. పెద్దమనుషులు నవ్వారు. వాళ్లు నవ్వింది అమీన్‌ను చూసి. ఆయన ముఖం ముడుచుకుని, "పోండ్రి, పోండ్రి" అని చెయ్యి ఊపాడు.

నాయిన ఇంటికి రాగానే పెట్టె దించి, చెప్పుల తోలు కోసే కత్తి తీసుకుని, తిత్తి మడతలన్నీ నిలువునా కోసేశాడు. ఇక ఎవరు పిలిచినా వాయించే పని లేదు. అందుకే కోశాడని నాకు తెలుసు, అమ్మకు తెలుసు. ఆయన చిట్టితో ఒక్క మాట, "నన్ను కాపాడినవ్ బిడ్డా" అని ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండు. అనలేదు. చిన్నపిల్ల చేత అబద్ధం చెప్పించిన సిగ్గో, తన పాఠమే తన మెడకు చుట్టుకుందన్న కసో, మరేదో. పెరట్లోకి పోయి కూర్చున్నాడు. చిట్టి ఆ కోసిన తోలును వేలితో అతికించబోతోంది.

"అక్కా, నేను తప్పు చెప్పిన గద, అందుకే కోసిండు" అంది.

"తప్పు కాదే, నువ్వు మంచిగ చెప్పినవ్."

"కాదు. నాయిన కోపం వాయించిండు. నేను ఏనుగన్న. తప్పే." దానికి ఎంత చెప్పినా ఎక్కలేదు. దాని లెక్కలో పాటకు ఒకటే జవాబు, అది నిజం. ఆ నిజం ఒకసారి చెప్పినందుకు నాయిన తల వంచుకున్నాడు, చెప్పనందుకు పెట్టె చచ్చిపోయింది.

అరుగు మీది బడి ఆ నెల కూడా సాగలేదు. పిల్లల్ని పంపడానికి భయపడ్డారు. మేము బండి కట్టుకుని మునగాల పోయాం. అక్కడ మా మామయ్య ఉండేవాడు. చుట్టూ నైజాం రాజ్యమే అయినా మునగాల పరగణా ఇండియన్ యూనియన్ ఇలాకా. అమీన్ల మాట అక్కడ చెల్లేది కాదు. ఇల్లు చిన్నది, మనుషులు ఎక్కువ. మా ఊరి నుంచి వచ్చిన ఇంకో రెండు కుటుంబాలు కూడా అక్కడే సర్దుకున్నాయి. వంటింట్లో ఎప్పుడూ గంజి వాసన, తడిసిన కట్టెల పొగ. మామయ్య మంచివాడు. "బావా, కోదాడలో ఒక హార్మోనియం ఉందట, అడిగి తెప్పించమంటారా? పిల్లలు ఊరికే కొట్టుకు చస్తున్నారు, నాలుగు పాటలు చెబుదురు" అన్నాడు. నాయిన "వద్దు" అన్నాడు. అంతే. రోజంతా వాకిట్లో నులకమంచం మీద పడుకుని ఆకాశం వైపు చూసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఇంతమంది పిల్లలం ఉన్నాం, ఇంత తీరిక ఉంది, ఆయన ఎందుకు లేవడు? చివరికి నేనే ఆట మొదలుపెట్టాను. పెట్టె లేదు కాబట్టి ముక్కుతో కూనిరాగం తీసి, "ఎవరొస్తుండ్రు?" అని అడిగాను. పిల్లలు "నువ్వే" అన్నారు. ముసలమ్మను తీశాను. "నువ్వే" అన్నారు. పిల్లిని తీశాను, నవ్వి దొర్లారు. నాకు రానిది నేనెట్లా నేర్పుతాను? చిట్టిని బతిమాలాను, కొట్టినంత పని చేశాను, "నువ్వన్న చెప్పవే" అన్నాను. అది గోడకు వీపు ఆనించి, చెవులు మూసుకోకుండానే మూసుకున్నట్టు కూర్చుంది. ఆ వాకిలి నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. ఇద్దరు వినగలిగినవాళ్లు నోరు మూసుకుని ఉన్నారు, వినలేనిదాన్ని నేనొక్కదాన్నే పాడుతున్నాను.

తర్వాత నైజాం పోయి రాజ్యం మారింది. అమీన్ ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. నాయినకు మిర్యాలగూడలో ఒక బడిలో పని దొరికింది. ఇప్పటివాళ్లు నమ్మరు గానీ అప్పటికి అక్కడ సాగర్ కాలువ లేదు, మిల్లుల మోత లేదు. జొన్న చేలు, బండపరుపు ఇళ్లు, ఎండాకాలం పడమటి గాలికి ఎర్రటి దుమ్ము. త్రిపురారం వైపు నుంచి కూడా పిల్లలు నడిచి వచ్చేవారు. బడివాళ్లు మంచి హార్మోనియం ఇచ్చారు, కొత్తది, కిర్రు లేనిది. నాయిన పాటలు నేర్పాడు. స్వరం తప్పితే సరిదిద్దేవాడు, తాళం తప్పితే వేలితో నేల మీద కొట్టేవాడు. పాటలో ఏముందో మాత్రం చెప్పేవాడు కాదు. ఒక పిల్ల, "సారూ, గీ పాట సంతోషందా, దుక్కందా?" అని అడిగింది. "పాడు. నీకెందుకది?" అన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆ మాట అన్నది మా నాయినేనా అనిపించింది. ఆ సాయంత్రం ఇంట్లో నేను ఊరుకోలేదు. "అరుగు మీద మమ్ములను ఊపిరి తియ్యనీయకుంట అడిగేటోనివి. ఇప్పుడు అడిగే పిల్లను నోరు ముయ్యమన్నవు. ఏమైంది నీకు?" అన్నాను. అమ్మ నన్ను లోపలికి లాగబోయింది. నాయిన కోప్పడలేదు.  "అడిగితే చెప్తరు బిడ్డా. చెప్పినదానికి నేను జిమ్మేదారుగ ఉండలేను, ఆ భారం నాతోని గాదు" అన్నాడు.

నా మాట ఆయనలో ఎక్కడో పనిచేసినట్టుంది. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, బడి హార్మోనియం ఇంటికి తెచ్చి ఉంటే, మధ్యగదిలో చాప పరిచి కూర్చున్నాడు. అమ్మ పులుసు పోపు వేస్తోంది. ఇంటి నిండా ఇంగువ, ఎండుమిరపకాయల వాసన. నాయిన ఎన్నడూ లేనిది గొంతు సవరించుకుని, "చిట్టీ, ఇటు రా. కూసో" అన్నాడు.  చిట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. నాయిన మాకు వీపు పెట్టలేదు, దాని ముఖం చూస్తూ కూర్చున్నాడు. తిత్తి మీద చెయ్యి వేశాడు. వేళ్లు మెట్లను ఇంకా తాకలేదు.

"ఏనుగు" అంది చిట్టి.

నాయిన నవ్వబోయాడు. "ఇంక వాయించలేదు బిడ్డా."

"ఏనుగే నాయినా."

ఆయన వాయించాడు. గెంతుతూ వచ్చే పిల్ల. చెవులు లేని నాకే తెలిసిపోయింది, జడ ఎగురుతోంది, చేతిలో ఏదో తినేది ఉంది. అది మా చిట్టే, అరుగు మీద స్తంభం దగ్గరి చిట్టి. అంత అందంగా ఆయన వాయించగా నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఆపి, ఏమీ అడగకుండా దాని వైపు చూశాడు.

"ఏనుగు" అంది.

"ఏనుగు కాదే! ఎందుకట్ల జేస్తవ్? నీకు ఎరుకే గద!" అని నేను అరిచాను. చేతికందినది విసిరికొట్టాలనిపించింది. నాయిన నన్ను చెయ్యెత్తి ఆపాడు. "ఊకో. దాన్ననకు. నేర్పిందే చెప్తుంది" అన్నాడు. అమ్మ వంటింటి గడపలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పొయ్యి మీద పోపు మాడిపోయింది. ఆ పూట ఇల్లంతా మాడు వాసన మధ్యే అన్నాలు తిన్నాం.

తర్వాత నేను పట్టుబట్టి సంగీతం నేర్చుకున్నాను. పరీక్షలు రాశాను, ఉద్యోగం చేశాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు. చెవులు రాలేదు గానీ వాటికి బదులు కష్టపడ్డాను. ప్రతి తరగతిలోనూ ఒక చిట్టి కనబడుతుందేమోనని చూసేదాన్ని. కనబడేది కూడా. అది ఏదో చెప్పబోయి నా ముఖం చూసేది. నా ముఖంలో ఏ జవాబుందో వెతికి అదే చెప్పేది. ఇప్పుడు ఏ అమీనూ లేడు, ఏ జవానూ వీధిలో నిలబడడం లేదు. మార్కులున్నాయి, అమ్మానాన్నల ముందు పరువుంది. ఆ కాలంలో భయానికి ఒక మనిషి, ఒక బూటు ఉండేవి, అది వచ్చే దారి తెలిసేది. ఈ కాలంలో అది ఎక్కడి నుంచి వస్తుందో కూడా పిల్లలకు తెలియదు. వీపు పెట్టి కూర్చునీ చూశాను, మా నాయినలాగే. నా వీపును చూసి కూడా జవాబు కనిపెట్టే పిల్లలు తయారయ్యారు.

చిట్టి మిర్యాలగూడలోనే ఉండిపోయింది. మంచి ఇల్లు, మంచి పిల్లలు. కోడళ్లు దాన్ని పల్లెత్తు మాట అనరు, వాళ్లకు నచ్చని మాట అది అనదు కాబట్టి. పోయిన వారం దానికి ఛాతీలో నొప్పిగా ఉందంటే నేనే దవాఖానకు తీసుకువెళ్లాను. ముందు రోజంతా పడుకోలేక, కూర్చోలేక అవస్థ పడింది. డాక్టరు చిన్నవాడు, ఓపికగలవాడు. "ఎట్లుందమ్మా—" అని ఇంకా ముగించనేలేదు. "మంచిగున్న సారూ" అంది చిట్టి. నేను మధ్యలో కల్పించుకుని చెప్పాల్సి వచ్చింది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక నా కోపం ఆగలేదు.

"నొస్తుంది గద, చెప్పవేందే? ఆయన అడుగనీకి ముందే మంచిగున్న అంటవు?"

"పాపం, ఎంతమందిని సూడాలె అక్కా ఆయన? ఎందుకు పరేషాన్ చేసుడు?"

 ఊరికే ముక్కుతో కూనిరాగం ఏదో తీశాను. ఫలానా అనుకుని తీసింది కాదు. నా గొంతు ముసలిదైంది, అక్కడక్కడా తెగిపోతోంది. చిట్టి తల కొంచెం వంచింది, కళ్లు కిందికి దించింది. పక్కన ఎవరి ఫోనో మోగుతోంది, ఎవరి పిల్లో ఏడుస్తోంది. అది ఏదీ వినడం లేదు, నన్నే వింటోంది. నేను ఆపి ఎదురుచూశాను. అది నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను.

"నాకు పాటలేం తెలుసు అక్కా, నువ్వు నేర్చినదానివి" అంది. మందుల చీటీ నా చేతిలో పెట్టి, చెప్పుల కోసం కాళ్లతో నేల తడుముకుంది.